కమ్రా ఖాళీ చెయ్యాలె

తాండూరులో మా కాపురం మొదలైన గదిలో ఇద్దరు ఒకేసారి వంగితే తలలు ఢీకొట్టుకునేవి. ఊరికే అంటున్న మాట కాదు. పెళ్ళైన మొదటి వారంలోనే ఆయన నుదుటి మీద బొప్పి కట్టింది. స్టేషన్ పక్కన బండల కార్ఖానాలో ఆయన మున్షీ. ఏ బండ ఏ వ్యాగనులోకి ఎక్కాలో చూసుకునే పని. కొత్త పెళ్ళికొడుకు బొప్పి చూస్తే కూలీలు ఊరుకుంటారా? రెండు రోజులు తలకు రుమాలు చుట్టుకుని పోయాడు. జనవరి చలి కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

అది యాభై ఏడో సంవత్సరం. ఆయన పేరు ఏసుదాసు, నా పేరు మార్త. ధారూర్ జాతరలో మా పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, వికారాబాద్ చర్చిలో పెళ్ళి చేశారు, మర్నాడే ప్యాసింజరు ఎక్కించి పంపారు. నాతో పాటు మా అమ్మ పెట్టిన సామాను కూడా ఎక్కింది. రెండు ఇనుప పెట్టెలు, నులక మంచం, రెండు రాగి బిందెలు, విసుర్రాయి, తొమ్మిది రేకు డబ్బాలు. జట్కాలోంచి ఇవన్నీ వాకిట్లో దిగుతుంటే ఇంటామె లాల్‌బీ తలుపు దగ్గర నిలబడి చూసింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. ఆఖరి డబ్బా దిగాక దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నువ్వు సంసారం చెయ్యనీకొచ్చినవా, గోదాం పెట్టనీకొచ్చినవా?" అంది.

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ పెట్టిన సామాను ఎవరన్నా ఒక మాట అంటే పడే వయసు కాదది. కానీ సాయంత్రానికల్లా తెలిసొచ్చింది. తొమ్మిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉన్న గదిలో సామానంతా సర్దాక మేమిద్దరం గడప అవతల నిలబడి ఉన్నాం. లోపల కాలు పెట్టే చోటు లేదు.

లాల్‌బీ వచ్చి, కొంగు నడుముకు చెక్కింది. "అంత బయటికి తియ్యండి. మల్ల మొదటి నుంచి చేద్దాం" అంది. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. భర్త ఇమాముద్దీన్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు ఫరీద్ గుల్బర్గా బట్టల మిల్లులో పనిచేస్తూ భార్యాపిల్లలతో అక్కడే ఉండేవాడు. పండుగకు మాత్రం వచ్చిపోయేవాడు. అందుకేనేమో, మా గది సర్దడం ఆమెకు పెద్ద సంబరమైపోయింది.

"ఇగ చూడు బిడ్డా. నేల మనుషులది. గోడ సామానుది. నేల మీద ఏదన్న పెడితివా, అది నీ జాగ తిన్నట్టె."

ఆ ఒక్క మాట మీద మా కాపురం నిలబడిందంటే నమ్మండి. ఆయన కార్ఖానా నుంచి అంచు విరిగిన బండలు నాలుగు అడిగి తెచ్చాడు. గోడలో మేకులు దిగ్గొట్టి, తల తగలనంత ఎత్తున వాటి మీద బండలు పరిచాం. తొమ్మిది డబ్బాలూ పైకెక్కాయి. మిగిలిన బండ ముక్కలు మంచం కోళ్ళ కింద పెడితే మంచం మూరెడు లేచింది. ఒక పెట్టె దాని కిందికి దూరింది. వంగి లాగితే నడుం పోతుందని లాల్‌బీ ఆ పెట్టె కడియానికి ఒక తాడు కట్టించింది. రెండో పెట్టె గోడ వారన పెట్టి, బొంతలు మడిచి పైన వేస్తే వచ్చినవాళ్ళు కూర్చునే ఆసనం అయింది. మా సంఘం పెద్దలు వచ్చి దాని మీద కూర్చుని ప్రార్థన చేసి పోయారు. వాళ్ళు నా పెళ్ళి చీరల మీద కూర్చున్నారని ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఒక బిందెలో నీళ్ళు, రెండో బిందెలో జొన్నలు పోసుకున్నాను. అద్దం ఎక్కడ కొట్టాలని ఆయన మేకు పట్టుకుని తిరుగుతుంటే, "తలుపుకెదురుంగ కొట్టు కొడుకా, ఎండ గది లోపలికొస్తది" అంది లాల్‌బీ. నిజంగానే వచ్చింది. పొద్దున్నే పక్కబట్టలు చుట్టేయాలి. పొయ్యి గడప దగ్గర వెలిగించి, వంట కాగానే బయటికి జరపాలి. కొత్త వస్తువు ఒకటి లోపలికి వస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. ఈ ఆఖరి దాని మీద మాత్రం నాకూ ఆమెకూ రోజూ రగడే. చిల్లు పడిన జల్లెడ ఒకటి నేను మూడుసార్లు దాచాను, ఆమె మూడుసార్లు పట్టుకుంది. ఇప్పుడు మూడు గదుల ఇంట్లో ఉన్నాను. కావలసిన వస్తువు ఒక్కటీ వేళకు దొరకదు. ఆ గదిలో కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే ఉప్పు డబ్బా తగిలేది.

మార్చి నెలలో గుట్ట నుంచి కార్డు వచ్చింది.

మా వైపు 'గుట్ట' అంటే చాలు, ఎవరూ ఏ గుట్ట అని అడగరు. వికారాబాద్ పక్కన అనంతగిరి మీద క్షయ దవాఖాన ఉంది. ఆ రోగం పేరు నోటితో పలకడానికి కూడా జనం భయపడేవాళ్ళు. 'గుట్టకు పోయిండు' అంటే అర్థం చేసుకుని, ఆ ఇంటి నీళ్ళు ముట్టకుండా వచ్చేవాళ్ళు. మా అత్త భీమమ్మ పద్నాలుగు నెలలుగా గుట్ట మీద ఉంది. మా పెళ్ళి కూడా చూడలేదు. కార్డులో, ఆమెకు నయమైంది, వచ్చి తీసుకుపొమ్మని రాశారు.

ఇద్దరం వెళ్ళాం. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి చూపించాడు. మచ్చ మానిందట, మూడుసార్లు పరీక్ష చేస్తే మూడుసార్లూ ఏమీ లేదట. ఇక ఎవరికీ అంటదట. "కానీ రెండేండ్లు గోలీలు మానొద్దు. గాలి ఆడే చోట పడుకోవాలి. మూసిన గదిలో నలుగురితో కలిపి పడుకోబెట్టకండి. పళ్ళెం, గ్లాసు వేరుగా పెట్టండి" అని, రోగం ఎవరికీ అంటుకోదని రాసిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. గాలి ఆడే చోటు అనగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా అత్త అరుగు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మోమిన్‌పేట చేలల్లో ఇద్దరి పని ఒక్కతే చేసిన మనిషట. నేను చూసేసరికి పెద్ద చీరలో చిన్న మనిషి.

"నేను మర్పల్లికి పోత. పెద్దోడు రమ్మన్నడు" అంది.

పెద్దోడు, అంటే మా బావ, రమ్మనలేదు. పిల్లలు చిన్నవాళ్ళు, ఇప్పుడు వద్దని మా ఆయనకు కబురు చేశాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసని ఆమె మొహమే చెప్పింది.

"మా కాడికే వస్తవమ్మా" అన్నాడు ఆయన.

"గంత చిన్న కమ్రల నన్నేడ పెడ్తవురా? గోడకు తగిలిస్తవా?"

నేను నవ్వాను. అత్త కూడా నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయింది. ఆ నవ్వుతోనే ఆమె నాకు నచ్చేసింది.

రైల్లో ధారూర్ దాటాక మేమిద్దరం గుసగుసగా ఒక అబద్ధం తయారుచేసుకున్నాం. అత్త గుట్ట నుంచి కాదు, మర్పల్లి నుంచి వస్తోంది. ఆ దగ్గు దమా దగ్గు, అంటే ఉబ్బసం. అసలు మాట చెబితే తాండూరులో మాకు గది ఇచ్చేవాళ్ళు లేరు, ఉన్న గదీ పోతుంది. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ అంతా విన్నది. "నాకు అబద్ధం మంచిగ రాదు, మీరే చెప్పుకోండి" అని మాత్రం అంది.

లాల్‌బీకి మేం చెప్పాం. చెప్పి చెడ్డాం.

"దమానా? దమాకు నా దగ్గర ఇలాజ్ ఉన్నది" అని మరునాటి నుంచి ఆమె అడ్డసరం ఆకు దంచి, రసం పిండి, తేనె కలిపి రోజూ రెండు పూటలా తెచ్చేది. తాగేదాకా ఎదురుగా కూర్చునేది. మా అత్త ఆ చేదంతా మింగి, ఆమె పోయాక దవాఖాన గోలీలు మింగేది. గోలీలు ఒక్కొక్కటి రేగిపండంత ఉండేవి. పళ్ళెం వేరుగా ఎందుకు పెట్టావని ఒకరోజు లాల్‌బీ అడిగితే, కంగారులో "మా అత్తకు మడి" అన్నాను.

"కిరస్తానీలకు మడేంది బిడ్డా?"

అత్త ఆ పూట అన్నం తింటూ తింటూ నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

మూడో మనిషికి చోటు కూడా లాల్‌బీయే చేసింది. మేము మంచం దిగి నేల మీదికి వచ్చాం. మంచం గడప పక్కకు జరిగింది. నా పాత చీర ఒకటి తాడు మీద అడ్డం వేలాడితే అటు అత్త గది, ఇటు మా గది. ఎండాకాలం రాగానే ఆ ఇబ్బంది కూడా పోయింది. నీళ్ళు చల్లిన వాకిట్లో అందరం ఆరుబయటే పడుకునేవాళ్ళం. ఒక మూల లాల్‌బీ, ఒక మూల మా అత్త, మధ్యలో వాళ్ళిద్దరి మాటలు. వరి నాట్ల గురించి ఒకరు చెబితే, నిజాం కాలంలో తాండూరు కందిపప్పు ఎక్కడెక్కడికి పోయేదో ఒకరు. నా వయసు ఇరవై. ముసలమ్మల మాటలు వింటూ నిద్రపోవడం ఎంత హాయో అప్పుడు తెలియలేదు. ఒక్కటే గుచ్చుతుండేది. జూన్‌లో వానలు పడితే అత్తను ఆ మూసిన గదిలోకే తేవాలి. డాక్టరు వద్దన్నది అదే.

రంజాన్ నెల, ఈస్టరుకు ముందు వచ్చే మా శ్రమదినాలు ఆ ఏడు కలిసి వచ్చాయి. ఆమె రోజా ఉంటే మేము శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం. ఈస్టరు అయిన మర్నాడు, సోమవారం, మధ్యాహ్నం లాల్‌బీ మా గడపలో నిలబడింది. ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లోపలికి రాకుండా గదంతా కలయజూసింది. గోడలు చూసింది, కప్పు చూసింది, అడ్డం కట్టిన చీర చూసింది. దాని వెనక అత్త పడుకుని ఉంది.

"బిడ్డా, శనివారం లోపట కమ్రా ఖాళీ చెయ్యాలె. ఒక్క సామాను ఉండొద్దు. పండుగకు ఫరీద్ పిల్లలను తోల్కొని వస్తుండు" అంది. నమాజు వేళయిందని గబగబా వెళ్ళిపోయింది.

నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. చీర వెనక నులక కిర్రుమంది. అత్త లేచి కూర్చున్నట్టుంది.

ఆయన పనినుంచి రాగానే చెప్పాను.

"తెలిసిపోయింది" అన్నాడు.

"ఎట్ల తెలుస్తది? ఎవ్వలు చెప్తరు?"

"వికారాబాద్ నుంచి రోజు ఎంతమంది వస్తలేరు కార్ఖానాకు? పిల్లలొస్తున్నరని చెప్పింది గద. ఇంకేం సమజ్ కావాలె."

మంగళవారం, బుధవారం ఆయన పని దిగి ఇళ్ళ కోసం తిరిగాడు. ఒక చోట ఎంతమంది అని అడిగారట. ముగ్గురం, మా అమ్మ ఒకతి అన్నాడట. అమ్మకు ఆరోగ్యం మంచిగేనా అని అడిగారట. ఒట్టి అలవాటుగా అడిగిన మాటే కావచ్చు. ఈయన లేచి వచ్చేశాడు. బుధవారం సాయంత్రం వచ్చేసరికి అత్త తన రెండు చీరలూ మడిచి మూట కట్టుకుని ఉంది.

"నేను పోతె మీ కమ్రా మీకుంటది" అంది.

"యాడికి పోతవమ్మా?"

నయమైనవాళ్ళను గుట్ట మీద ఉంచుకోరు. మర్పల్లిలో రావద్దన్నారు. ఆయన మూట విప్పి చీరలు మళ్ళీ తాడు మీద వేశాడు.

గురువారం పొద్దున ఆయన పనికి పోగానే నేను లాల్‌బీ దగ్గరికి వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. అడిగితే పోనివ్వరు. ఆమె దాలాన్‌లో, అదే ఇంటి ముందు పంచలో, చెక్క తఖ్త్ మీద కూర్చుని సేమియా ఆరబెడుతోంది. ఎండ పొడ, గాలి రెండూ ఉండే చోటది. ఐదు పూటలా నమాజు ఆ తఖ్త్ మీదే చేసేది.

"అమ్మా, మమ్ములను ఎల్లగొట్టకు" అన్నాను. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. "మా అత్తకు నయమైంది. డాక్టరు కాగితమిచ్చిండు, ఎవ్వరికి అంటదని రాసిండు, సదివించుకో. గుట్ట నుంచి వచ్చిందని చెప్తె జాగ ఇయ్యరని దమా అన్నం. తప్పయింది. పిల్లలొచ్చిన రెండు దినాలు మేం కార్ఖానా షెడ్ల ఉంటం. మల్లొస్తం. ఆమెకు పోనీకె జాగ లేదమ్మా."

సేమియా మీద లాల్‌బీ చెయ్యి ఆగిపోయింది.

"నేనేమన్న బిడ్డా? ఎందుకు ఎల్లగొడ్త?"

"కమ్రా ఖాళీ చెయ్యమన్నవు గద."

"సున్నం కొట్టియ్యనీకె ఖాళీ అన్న. పండుగకు సున్నం వెయ్యరా ఎవరన్న? బీరన్న శనివారం వస్తనన్నడు. ఫరీద్ పిల్లలొస్తరు, ఇల్లు మంచిగ కనవడాలె అన్న."

మాకు సున్నం అంటే క్రిస్మస్‌కు. రంజాన్‌కు వేస్తారని నాకేం తెలుసు. ఖాళీ చెయ్యమంటే అద్దెకున్నవాళ్ళు ఎలా అర్థం చేసుకుంటారో ఆమెకేం తెలుసు. పుట్టింది మొదలు ఆమె అద్దె ఇంట్లో ఉండలేదు. భూమి చీలితే బాగుండునని నిలబడ్డాను.

"దమా కాదా?" అని అడిగింది.

"కాదు."

ఆమె సేమియా పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు, వేసుకున్నా బాగుండేది. ఆ పూట అడ్డసరం రసం రాలేదు. శుక్రవారం కూడా రాలేదు.

ఆయనకు చెబితే తల పట్టుకుని గడపలో కూర్చున్నాడు. "ఆమె సున్నం అంటె నువ్వు గుట్ట అన్నవా మార్తా?" అన్నాడు. తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. దాచి దాచి, చివరికి ఆమె అడగని మాట నేనే తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. అత్త మాత్రం, "పోనీ. రసం తాగుడు తప్పింది" అని నవ్వింది. తెచ్చిపెట్టుకున్న నవ్వు అది.

శనివారం బీరన్న సున్నం బకెట్లతో వచ్చాడు. ఖాళీ చెయ్యమన్నది ఎందుకైనా, చెయ్యాలి కదా. బండల మీది డబ్బాలు, పెట్టెలు, బిందెలు, విసుర్రాయి అన్నీ వాకిట్లోకి వచ్చాయి. ఆ చిన్న గదిలోంచి వచ్చిన సామాను వాకిలంతా నిండిపోయింది. దాచిన జల్లెడ కూడా బయటపడింది. లాల్‌బీ దాన్ని చూసింది, ఏమీ అనలేదు. అననందుకు భయమేసింది. అత్త మంచం గోడ నీడలో వేశాం. ఆమె దాని మీద మూట పక్కన కూర్చుంది, గుట్ట మీద అరుగు మీద కూర్చున్నట్టే. లాల్‌బీ పొద్దంతా బీరన్న వెంట తిరిగింది, ఇక్కడ మందంగా, అక్కడ పల్చగా అంటూ. అత్త వైపు ఒక్కసారి చూడలేదు.

సాయంత్రం గోడలు ఆరాక సామాను లోపలికి మోశాం. లాల్‌బీ తలుపు దగ్గర నిలబడి, మొదటి రోజులాగే, ఏది ఎక్కడో చెబుతూ వచ్చింది. డబ్బాలు, అద్దం, పెట్టె, బిందెలు. ఒక్కొక్కటి లోపలికి పోతుంటే వాకిట్లో అత్త మంచం ఒక్కటీ మిగిలింది. ఆయన, బీరన్న చెరో వైపు పట్టుకున్నారు.

"మంచం లోపట వద్దు" అంది లాల్‌బీ.

ఆయన మంచం దింపాడు.

"నేను పొద్దుగాల బండికి పోత అక్కా. అబద్ధం చెప్పుడు మాది తప్పు" అంది అత్త.

లాల్‌బీ బీరన్న వైపు తిరిగింది. "బీరన్నా, దాలాన్ల తఖ్త్ ఉన్నది, ఎత్తి నా అర్రల పెట్టు" అంది. బీరన్నకు అర్థం కాలేదు. లోపల పెడితే నమాజు ఎక్కడ చేస్తావని అడిగాడు. "లోపట చేస్త. దేవునికి అర్రల గూడ ఇనవడ్తది" అంది. తఖ్త్ లోపలికి పోయాక, ఖాళీ అయిన ఆ చోటు ఒకసారి ఊడ్చి, మా ఆయన వైపు తిరిగింది.

"మంచం ఆడ వెయ్యి కొడుకా. పైన కప్పు ఉన్నది, వాన పడది. గాలి పొద్దుమాపు వస్తది."

అప్పుడు అత్త దగ్గరికి వచ్చి నిలబడింది. "అబద్ధం చెప్పినందుకు నేను నారాజ్ ఉన్న భీమమ్మా. అది వేరె, ఇది వేరె. దమా దమా అని నెల దినాలు ఆకు దంచిన. చేతులు చూడు."

అత్త చేతులు చూసింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం కొత్త సున్నం వాసన కొడుతున్న గదిలోకి పోయి, పెట్టె మీద కూర్చుని, బయటికి వినబడకుండా ఏడ్చాను. జూన్ వానలకు ఇక భయం లేదు.

ఆదివారం లాల్‌బీ మసీదు దగ్గర ఒకాయనతో గుల్బర్గాకు ఉర్దూలో కార్డు రాయించింది. సంగతంతా ఉన్నదున్నట్టు రాయించిందట. ఎందుకమ్మా అన్నాను. "దాచి పిల్లలను పిలిస్తె నాది గూడ అబద్ధమే అయితది" అంది.

పండుగనాడు ఫరీద్ ఒక్కడే వచ్చాడు. మంచివాడు, సిగ్గరి. తల్లికి కొత్త చీర, నాకు గాజులు తెచ్చాడు. వాకిలి మధ్యలో నిలబడి మా అత్తకు సలాం చేశాడు. అంతకన్నా దగ్గరికి రాలేదు. అతన్ని తప్పుపట్టను. ఇద్దరు పిల్లల తండ్రి. భోజనం చేశాక తల్లితో ఉర్దూలో నెమ్మదిగా ఏదో అన్నాడు. నాకు 'బచ్చే', అదే పిల్లలు, అన్న మాట ఒక్కటే తెలిసింది. ఆమె తల ఊపి, వాళ్ళ కోసం కొన్న రెండు రంగు టోపీలు కాగితంలో చుట్టి అతని సంచిలో పెట్టింది. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుంటే లాల్‌బీ దాలాన్ మెట్టు మీద కూర్చుంది. పక్కన షీర్ ఖుర్మా గిన్నె, ఆ ఆరబెట్టిన సేమియాతో చేసిన పండుగ పాయసం. పిల్లలు రాకపోవచ్చని తెలిసీ ఆరుగురికి సరిపడా చేసింది. సగం కూడా తరగలేదు. అత్త మంచం మీంచి ఆమెను చూస్తూ చూస్తూ ఉండి, చివరికి అంది.

"అక్కా, నేను యాడికన్న పోత. పిల్లలు రావాలె గద."

"పిల్లలు ఏడాదికి రెండు దినాలొస్తరు భీమమ్మా. తతిమ్మ దినాలు ఈ ఇంట్ల నేను మాట్లాడితె నాకే ఇనొస్తది. నువ్వు దగ్గితె మనిషి ఉన్నట్టుంటది." లాల్‌బీ గిన్నె మూత తీసింది.

"మల్ల పండుగకు గూడ రాకపోతె?"

"రాకపోతె మనిద్దరం తింటం. పట్టు."

మరుసటి పండుగకు కూడా పిల్లలు రాలేదు. వాళ్ళిద్దరే తిన్నారు.